రెడింగ్‌లో మా పెరటి గోడ మీది ఐవీ: పని డైరీ

2023 సెప్టెంబరు 30, శనివారం

ఇంగ్లండులోని రెడింగ్ పట్టణంలో మేము నిరుడు కొనుక్కున్న ఇల్లు 1890ల నాటిది. పెరటికి తూర్పున పదకొండు మీటర్ల పొడవు, మనిషి ఎత్తుకు కొంచెం మించిన ఎర్ర ఇటుకల ప్రహరీ, ఉత్తరాన కాంక్రీటు స్తంభాల మధ్య దింపిన ఆరు చెక్క ప్యానెళ్ళ కంచె ఉన్నాయి. ఈ రెంటినీ ఐవీ అనే, గోడలను అంటిపెట్టుకుని పాకే తీగ పూర్తిగా కప్పేసింది. గోడ నెత్తి మీద అది గొడుగులా పెరిగి మా వైపుకు దాదాపు అరవై సెంటీమీటర్లు వంగి ఉంది. కంచె వైపు పలకల సందుల్లోంచి దూరి, అవతల తేలి, మళ్ళీ ఇవతలికి వచ్చింది. వచ్చే వేసవికి ఈ గోడ పక్కన కూరగాయల మడి వేయాలన్నది మా కోరిక. అంతకంటే ముందు, ఆ ఆకుల వెనక గోడ ఏ స్థితిలో ఉందో తెలుసుకోవాలి.

ఈరోజు ఒక్క కొమ్మ కూడా కోయలేదు. నేల దగ్గర ఆకులు తప్పించి, కాండాలు ఎక్కడెక్కడ మొలిచాయో వెతికి, ఒక్కొక్క దానికి ఎర్ర రిబ్బను కట్టాను. గోడ వెంట ఏడు దొరికాయి. అన్నిటికంటే లావుది నా మణికట్టు కంటే దళసరిగా, తొమ్మిది సెంటీమీటర్ల అడ్డకొలతతో ఉంది. కంచె వెంట మొదళ్ళు లెక్కకు అందలేదు, ఎందుకంటే అక్కడ తీగ నేల మీద పాకుతూ కణుపు కణుపుకూ వేరు దించింది.

ఒకే మొక్కకు రెండు రకాల ఆకులు ఉండడం దగ్గరగా చూసినప్పుడే తెలిసింది. పాకే లేత తీగ ఆకులు మూడు లేదా ఐదు మొనలతో ఉండి, కాండం వెంట సన్నని వేరు పోగులు గోడను పట్టుకుని ఉన్నాయి. ఎండ తగిలే పై భాగానికి చేరి ముదిరిన కొమ్మలకు మొనలు లేని కోలాకు ఉంది, వేరు పోగులు లేవు, పూత ఉంది. ఆ ఆకుపచ్చ పూగుత్తుల మీద ఈరోజు మధ్యాహ్నం వందల కొద్దీ తేనెటీగలు వాలాయి. వీపు మీద నారింజ రంగు నూగు, పొట్ట మీద లేత పసుపు చారలు ఉన్న ఈ రకాన్ని ఇక్కడ ఐవీ తేనెటీగ అంటారు. శాస్త్రజ్ఞులు దీన్ని వేరే జాతిగా గుర్తించింది 1993లోనే. బ్రిటన్‌లో మొదటిసారి కనిపించింది 2001లో, డోర్సెట్ తీరంలో. శరదృతువులో మిగిలిన పూలన్నీ అయిపోయాక దీని ఆహారం ప్రధానంగా ఐవీ పూతే. అందువల్ల గోడ పని నవంబరు దాకా వాయిదా వేసి, కంచెతో మొదలుపెట్టాలని నిశ్చయించుకున్నాను.

అక్టోబరు 8, ఆదివారం

కంచె దగ్గర మొదటి రోజు. మడత రంపం, పొడుగు పిడి ఉన్న కొమ్మల కత్తెర, తోలు చేతి తొడుగులు, ఒక టార్పాలిన్ పట్టా, ఇవీ ఈనాటి సామగ్రి. కోసిన తీగను నేల మీద పడేయకుండా పట్టా మీద వేయడం అవసరం, ఎందుకంటే తడి మట్టి తగిలితే కణుపు ఉన్న ప్రతి ముక్కా మళ్ళీ వేరు పోసుకుంటుంది. అదే కారణంగా దీన్ని పచ్చిగా కంపోస్టు గుంటలో వేయకూడదు.

రెండో ప్యానెల్ దగ్గర ఒక తప్పు చేశాను. పలకల మధ్య దూరిన తీగను పట్టుకుని గట్టిగా లాగితే, తీగతో పాటు రెండు పలకలు మేకులతో సహా ఊడి వచ్చాయి. లేతగా దారంలా దూరిన తీగ ఏళ్ళ తరబడి లావెక్కి, పలకలను మేకుల మీది నుంచి పైకి ఎత్తి ఉంచింది. ఆ ఒత్తిడితోనే అవి నిలబడి ఉన్నాయి. ఆ తర్వాత లాగడం మానేసి, ఇవతల ఒక కోత, పక్కింటివారి అనుమతితో అవతల ఒక కోత వేసి, మధ్య ముక్కను అక్కడే ఎండనిచ్చాను.

సాయంత్రానికి రెండు ముంజేతుల మీదా ఎర్రటి దద్దుర్లు లేచాయి. ఐవీ ఆకులోనూ కాండంలోనూ ఉండే ఫాల్కరినాల్ అనే పదార్థం కొందరి చర్మానికి పడదు. తొడుగులు మణికట్టు దాకానే ఉండడం, చొక్కా చేతులు మడిచి పనిచేయడం ఇందుకు కారణాలు. దద్దుర్లు నాలుగు రోజులకు గాని తగ్గలేదు. ఈ పని మొదలుపెట్టేవారు పొడుగు చేతుల మందపాటి చొక్కా వేసుకుని, దాని అంచులను తొడుగుల్లోకి దోపుకోవాలి. ఎండిన ఐవీ దులిపేటప్పుడు రేగే దుమ్ము గొంతునూ కళ్ళనూ కూడా మండిస్తుంది కనుక మాస్కు, కళ్ళద్దాలు ఉండాలి.

నవంబరు 4, శనివారం

పూత రాలిపోయింది, తేనెటీగలు వెళ్ళిపోయాయి. ఈరోజు గోడ మీది ఏడు కాండాలనూ కోశాను. ఒక్కో కాండానికి రెండు కోతలు: నేలకు బెత్తెడు ఎత్తున ఒకటి, మోకాలి ఎత్తున మరొకటి. మధ్యనున్న ముక్కను తీసి పక్కన పెడితే, ఏది తెగింది, ఏది తెగలేదు అన్న సందేహం మిగలదు. ఒకే కోత వేస్తే రెండు కొసలూ ఒకదానికొకటి ఆనుకుని కోయనట్టే కనిపిస్తాయి.

కోసిన తర్వాత గోడ మీది తీగను ముట్టుకోలేదు. అలా ఉంచడానికి కారణం చెప్పాలి. ఐవీ వేరు పోగు గోడను తాకిన చోట ఒక జిగురును విడుస్తుంది. చార్లెస్ డార్విన్ పందొమ్మిదో శతాబ్దంలోనే దీన్ని గమనించి రాశాడు. అందులోని అతి సూక్ష్మమైన ప్రోటీను కణాల గురించి 2016లో అమెరికా పరిశోధకులు వివరించారు. ఆ జిగురు ఇటుక పైపొరలోని కంటికి ఆనని గుంటల్లోకి దిగి, తడి ఆరాక గట్టిపడుతుంది. పచ్చిగా ఉన్న తీగను బలంగా లాగితే, జిగురు వదలడం కంటే ముందు మెత్తని పాత ఇటుక పెచ్చు ఊడుతుంది. గోడ చివర ఒక్క తీగను పరీక్షగా లాగి చూశాను. బొటనవేలి గోరంత ఇటుక పెచ్చు దానితో వచ్చింది. అంతటితో ఆపేశాను. వేళ్ళతో సంబంధం తెగిన తీగ తనంతట తాను వాడి, ఎండి, పట్టు సడలించే దాకా ఆగడమే ఈ గోడకు మంచిది.

నా భార్య మాత్రం అప్పటి దాకా పెరట్లో ఎండిపోతున్న ఆకుల గోడను చూస్తూ ఉండవలసి వస్తుందని బాధపడింది. వంటింటి కిటికీ నేరుగా దాని ఎదురుగానే ఉంది.

డిసెంబరు 17, ఆదివారం

ఆరు వారాలు గడిచాయి. ఎక్కువ భాగం గోధుమ రంగుకు తిరిగింది. గోడ మధ్యలో ఒక చదరపు మీటరు మేర మాత్రం ఆకులు నిగనిగలాడుతూనే ఉన్నాయి. మొదట ఆలస్యంగా ఎండుతున్నదేమో అనుకున్నాను. నిచ్చెన వేసి చూస్తే, పై నుంచి అయిదో వరుసలో దర్జు, అంటే ఇటుకల మధ్య అతుకు, పగిలిన చోట చిటికెన వేలంత కాండం ఒకటి అవతలి వైపు నుంచి గోడలోకి దూరి ఇవతలికి వచ్చి ఉంది. దాని మొదలు పక్కింటి పెద్దావిడ తోటలో ఉంది.

గోడ ఇద్దరిదీ కనుక ఆవిడకు చెప్పకుండా ఏమీ చేయరాదు. సరిహద్దు దాటి మా వైపుకు వచ్చిన కొమ్మను కోసుకునే హక్కు ఈ దేశపు చట్టంలో ఉన్నా, అవతలి మొదలును కోయడానికి అనుమతి కావాలి. టీ తాగడానికి పిలిచి మాట్లాడాను. ఆ తీగ తాము ఆ ఇంట్లోకి వచ్చేనాటికే ఉందనీ, చలికాలంలో దాని నల్లని పండ్లకు అడవి పావురాలు, బ్లాక్‌బర్డ్ పిట్టలు వస్తాయనీ, వాటిని చూడడం తనకు ఇష్టమనీ ఆవిడ చెప్పారు. చివరకు ఒక ఒప్పందానికి వచ్చాము: గోడ దక్షిణపు కొసన మీటరున్నర మేర ముదిరిన పొదను అలాగే ఉంచాలి, మిగిలినదంతా రెండు వైపులా తీసేయాలి. నేను ఆవిడ వైపు పని కూడా చేసిపెడతానన్నాను. తేనెటీగల కోసం ఏదో ఒక భాగం ఉంచాలని నాకూ సెప్టెంబరు నుంచి మనసులో ఉంది. ఆ కొసన ఉన్న పొద మొదలు ఆవిడ వైపే ఉండడం వల్ల నా కోతలకు అది తెగలేదు.

2024 జనవరి 3, బుధవారం

నిన్నటి హెంక్ తుఫాను గాలికి కంచెలో మూడో ప్యానెల్, నాలుగో ప్యానెల్ చట్రంతో సహా విరిగి పడిపోయాయి. కంచె మీది ఐవీని అక్టోబరులోనే తీసినా, ఈ రెండింటి పై భాగంలో ఎండిన తీగ గుబురు ఉండిపోయింది. ఆకు ఎండినా రాలకుండా ఉన్నంత కాలం గాలికి తెరచాపలా పనిచేస్తుంది. పైగా వాన నీరు పట్టి బరువెక్కుతుంది. పై గుబురును ముందుగా తగ్గించి ఉంటే ఇవి నిలిచేవని నా నమ్మకం. కంచె విషయంలో ముందు నెత్తి మీది బరువు తీయాలి, తర్వాతే మొదళ్ళు. గోడ విషయంలో ఈ వరుస తిరగబడుతుంది.

కాంక్రీటు స్తంభాలకు ఏమీ కాలేదు. కొత్త ప్యానెళ్ళను నేలకు తగలకుండా అడుగున కాంక్రీటు పలక వేసి దింపాలి. పాతవాటి అడుగు చెక్క తడి ఆకుల కింద చీకిపోయి చేతికి పిండిలా వచ్చింది.

ఫిబ్రవరి 10, 11, 17, 18

నాలుగు రోజుల పని ఒకే చోట రాస్తున్నాను, ఎందుకంటే మధ్యలో రాసే ఓపిక లేకపోయింది.

ఈ నెలలోనే పూర్తి చేయాలన్న పట్టుదలకు కారణం పక్షులు. 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అడవి పక్షి గూడు కట్టుకుంటున్నప్పుడు గానీ, గూటిలో ఉంటున్నప్పుడు గానీ దాన్ని కావాలని పాడుచేయడం నేరం. మార్చి నుంచి ఆగస్టు దాకా గూళ్ళ కాలంగా లెక్కిస్తారు. పావురాలు దానికి ముందూ వెనకా కూడా పెట్టవచ్చు. అందువల్ల మీటరు మీటరుకూ ముందు ఆకులు తప్పించి చూసి, తర్వాతే తీశాను. రెండు పాత గూళ్ళు దొరికాయి. ఒకటి నాచుతో గుండ్రంగా అల్లిన రెన్ పిట్ట గూడు. ఖాళీదే అయినా దాన్ని తీసి మా అబ్బాయికి చూపించాను. వాడు దాన్ని బడికి తీసుకువెళ్తానన్నాడు.

తీగ ఇప్పుడు మాట విన్నది. పై నుంచి కిందికి, మూరెడు మూరెడు చొప్పున, గోడకు దగ్గరగా చేయి పెట్టి పక్కకు ఒలిస్తే చాప చుట్టినట్టు ఊడి వచ్చింది. నవంబరులో పెచ్చులు లేచిన ఇటుకలోనే ఇప్పుడు పెచ్చు రాలేదు. దర్జులోకి దూరిన కాండాలను మాత్రం లాగకుండా గోడ మట్టానికి కోసి, లోపలి ముక్కను తర్వాత దర్జు గీకేటప్పుడు తీద్దామని వదిలాను. నలభై ఆరు సంచులు నిండాయి. నగరపాలక సంస్థ ఇచ్చిన తోట వ్యర్థాల డబ్బా ఎంత మాత్రం చాలక, కారులో స్మాల్‌మీడ్ వ్యర్థ కేంద్రానికి అయిదు సార్లు తిరిగాను.

ఆ తర్వాత గోడ కనిపించింది. ఎర్ర ఇటుకల మధ్య అక్కడక్కడ బూడిద రంగు ఇటుకలు అడ్డంగా పేర్చిన పాత పనితనం అది. ఇల్లు కట్టిన కాలంలో ఈ పట్టణానికి ఆనుకున్న టైల్‌హర్స్ట్‌లో ఇటుక బట్టీలు ఉండేవి. మా గోడ ఇటుకలు అక్కడివే కావాలని లేదు గాని, ఆ వైపు పాత వీధుల్లో నడిచేటప్పుడు ఇటువంటి గోడలే కనిపిస్తాయి.

నేను అనుకున్నదానికి భిన్నంగా ఒక విషయం బయటపడింది, ఈ డైరీలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. గోడ ఉత్తరపు సగంలో మొదట కట్టినప్పటి సున్నపు దర్జులు అలాగే ఉన్నాయి. ఐవీ అత్యంత దట్టంగా ఉన్నది అక్కడే; అయినా సున్నం పొడిగా, గట్టిగా, గోటికి లొంగకుండా ఉంది, వేరు పోగులు పైపైన మాత్రమే అంటి ఉన్నాయి. దక్షిణపు సగంలో ఎవరో పాతికేళ్ళ కిందటో అంతకు ముందో దర్జులను సిమెంటుతో పూడ్చారు. సిమెంటు ఇటుక కంటే గట్టిది, తడిని బయటికి పోనివ్వదు. గోడలోకి దిగిన వాన నీరు దర్జు నుంచి ఆరే దారి లేక ఇటుక ముఖంలోంచి ఆరుతూ, చలికాలంలో అక్కడే గడ్డకట్టి, పెచ్చులు లేపింది. సిమెంటు దర్జు ఇటుక అంచు నుంచి విడిపోయి వెంట్రుకంత సందు ఏర్పడింది. ఐవీ కాండం లోపలికి దూరింది సరిగ్గా ఆ సందుల్లోనే.

పాత కట్టడాల పరిరక్షణ చూసే ఇంగ్లీష్ హెరిటేజ్ సంస్థ కోసం ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు చేసిన పరిశోధన ఫలితాలు 2010లో వచ్చాయి. చెక్కుచెదరని గోడ మీద ఐవీ ఉంటే ఎండ తాపం, మంచు, తేమల హెచ్చుతగ్గులు గోడకు తక్కువగా తగులుతాయని, అప్పటికే పగుళ్ళున్న గోడలో మాత్రం అది లోపలికి చొరబడి హాని చేయగలదని అందులో తేలింది. మా పదకొండు మీటర్లలో ఆ రెండు ఫలితాలూ పక్కపక్కనే ఉన్నాయి. మా ఊళ్ళో సన్‌షేడ్ మీద మొలిచే రావి మొక్కను చూసి పెరిగినవాడిని కనుక, గోడ మీద వేరు కనిపిస్తే అది గోడను చీల్చి తీరుతుందన్న నమ్మకంతో ఈ పని మొదలుపెట్టాను. రావి గోడలోనే మొలిచి, గోడలోనే వేరు ఊనుకుని లావెక్కుతుంది. ఐవీ నీరు తాగేది నేలలోంచి. గోడ దానికి ఎక్కే ఆధారం మాత్రమే, పగులు దొరికితే తప్ప.

ఫిబ్రవరి 25, ఆదివారం

గోడ మీద మిగిలిన వేరు పోగుల మచ్చలు. ముందు ఇనుప తీగల కుంచెతో తోమాను. ఒక చదరపు అడుగు మేర పోగులతో పాటు ఇటుక పైపొర కూడా గీతలు పడి, లోపలి లేత ఎరుపు బయటపడింది. బట్టీలో కాలినప్పుడు ఇటుక ముఖానికి ఏర్పడే ఆ గట్టి పొరే దానికి రక్ష. అది పోతే మళ్ళీ రాదు. ఇది నా తొందర వల్ల జరిగిన నష్టం. మిగిలిన గోడకు గట్టి నైలాను కుంచె, చెక్క గీకుడు బద్ద మాత్రమే వాడాను. సగం మచ్చలు పోయాయి, మిగిలినవి ఎండకూ వానకూ వాటంతట అవి రాలేదాకా ఉంచుతాను. అధిక పీడనంతో నీళ్ళు కొట్టే యంత్రం ఇస్తానని ఒక స్నేహితుడు అన్నాడు గాని, అది పాత సున్నాన్ని దర్జుల్లోంచి కడిగేస్తుందని వద్దన్నాను. మంటతో కాల్చే పద్ధతి ఎండు పోగులు, చెక్క కంచె పక్కపక్కనే ఉన్న చోట ఆలోచించవలసినది కూడా కాదు.

మొద్దుల సంగతి. ఏడింటిలో అయిదింటిని గునపంతో పెకలించాను. మిగతా రెండు గోడను ఆనుకుని ఉన్నాయి. ఇటువంటి పాత తోట గోడలకు పునాది లోతు చాలా తక్కువ. అక్కడ తవ్వితే గోడ పాదం కదిలే ప్రమాదం ఉంది. వాటి మీద తాజాగా కోత వేసి, వెంటనే గ్లైఫోసేట్ అనే కలుపు మందు ఉన్న మొద్దుల మందును డబ్బా మీద రాసిన మోతాదులో పూసి, ప్లాస్టిక్ కట్టాను. ఆకుల మీద మందు పిచికారీ చేయడం ఈ మొక్క విషయంలో పెద్దగా ఫలించదు, ఆకు మీది మైనపు పొర మందును జార్చేస్తుంది.

ఏప్రిల్ 27, శనివారం

సున్నపు పనికి రాత్రి చలి అయిదు డిగ్రీల కంటే దిగరాదు కనుక ఇంతకాలం ఆగవలసి వచ్చింది. మధ్యలో రెండు ప్యానెళ్ళు కొత్తవి వేశాను. దాని గురించి రాయవలసిందేమీ లేదు.

ఈరోజు దక్షిణపు సగంలో సిమెంటు దర్జులను గీకడం మొదలుపెట్టాను. సన్నని ఉలి, చిన్న సుత్తి. కోత యంత్రం వేగంగా పనిచేస్తుంది గాని చేయి కొంచెం తప్పితే ఇటుక అంచును కోసేస్తుంది. ఇరవై అయిదు మిల్లీమీటర్ల లోతు దాకా తీయాలి. గంటకు మూడు ఇటుకల చుట్టూ తప్ప సాగలేదు. దర్జులో తెగి మిగిలిన ఐవీ ముక్కలు ఇప్పుడు ఎండి సన్నబడి, శ్రావణంతో పట్టి లాగితే మేకుల్లా వచ్చాయి. వాటిని వదిలేసి పైన సున్నం పెడితే, లోపల చివికి ఖాళీ ఏర్పడి మళ్ళీ పగులు పడుతుంది.

మే 11, శనివారం

నీటి తడిలోనే గట్టిపడే సహజ సున్నం, ఎన్‌హెచ్‌ఎల్ 3.5 అనేది, ఒక పాలు. గరుకు ఇసుక మూడు పాళ్ళు. ముద్ద చేతిలో ఉండకట్టేంత గట్టిగా ఉండాలి, జారకూడదు. ముందురోజు సాయంత్రమూ, పని మొదలుపెట్టే ముందూ గోడను తడిపి, సన్నని తాపీతో దర్జులోకి వెనక దాకా నొక్కి నింపాను.

మా మామగారు ధవళేశ్వరంలో నీటిపారుదల శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశారు. గానుగ సున్నంతో కట్టిన పాత పనులకు మరమ్మతులు చేయించిన అనుభవం ఉన్నవారు. వీడియో కాల్‌లో గోడ చూపిస్తే చాలాసేపు మౌనంగా చూసి, “అల్లుడుగారూ, సిమెంటుకు ఒక పూట నీళ్ళు పట్టడం మరిచిపోయినా ఫరవాలేదేమో గాని, సున్నాన్ని ఎండకు వదిలేస్తే పిండై రాలిపోతుంది. గోనెపట్టాలు కప్పండి, వారం రోజులు తడి ఆరనివ్వకండి,” అన్నారు. ఇక్కడి సున్నం బస్తా మీద ముద్రించిన సూచన కూడా అదే. గోనెపట్టాను హెస్సియన్ అంటారు, అంతే తేడా. బొటనవేలితో నొక్కితే అచ్చు పడీ పడనట్టుగా గట్టిపడిన వేళ చూసి, గట్టి కుంచెతో దర్జు మీద పొడిచి మట్టం చేశాను. వారం రోజులు ఉదయం ఆఫీసుకు వెళ్ళే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి పట్టాలు తడిపాను. పగలు నా భార్య తడిపింది.

గోడ నెత్తి మీది వరుసలో కదులుతున్న పద్నాలుగు ఇటుకలను ఎత్తి, కింద కొత్త సున్నం పరిచి, మళ్ళీ కూర్చాను. రెండు పగిలిపోయి ఉంటే, పాత ఇటుకలు అమ్మే చోట అదే కొలతవి వెతికి తెచ్చాను. ఇప్పటి ఇటుకలు ఎత్తు తక్కువ, పాత వరుసలో కూర్చోవు.

సెప్టెంబరు 21, శనివారం

వేసవి అంతా పదిహేను రోజులకు ఒకసారి గోడ పాదం వెంట, కంచె కింద తిరిగి, మొలిచిన చిగుళ్ళను వేరుతో సహా పెకలించాను. జూన్‌లో ఒక విడతకు ముప్ఫై దాకా వచ్చేవి, ఆగస్టుకు పదికి తగ్గాయి, ఈరోజు నాలుగు. మందు పూసిన రెండు మొద్దుల్లో ఒకటి జూలైలో పక్క నుంచి చిగురు వేస్తే మళ్ళీ కోసి మళ్ళీ పూశాను. పక్షుల పండ్ల వల్ల కొత్త మొలకలు ఏటా వస్తూనే ఉంటాయి. రెండాకుల దశలో చేతితో తీస్తే అర నిమిషం పని.

కొత్త దర్జులు తెల్లదనం తగ్గి పాత సున్నపు రంగుకు దగ్గరపడుతున్నాయి. ఇనుప కుంచెతో గీసిన చదరపు అడుగు మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉంది. దాని ముందు ఏ తొట్టీ పెట్టి దాచలేదు. గోడ పక్కన వేసిన మడిలో ఈ ఏడాది గోంగూర బాగా వచ్చింది. పగటి ఎండకు వేడెక్కిన ఇటుకలు రాత్రి కొంత వేడిని వదలడం ఆ మొక్కకు పనికొచ్చి ఉండవచ్చు.

మధ్యాహ్నం పక్కింటి పెద్దావిడ గోడ అవతలి నుంచి పిలిచారు. మేము ఉంచిన మీటరున్నర పొద విచ్చుకుంది. దాని మీద నారింజ వీపు తేనెటీగలు వాలి ఉన్నాయి. నిరుటి కంటే తక్కువే గాని, లెక్కపెట్టబోతే ఎగురుతూ ఉండడం వల్ల నలభై దగ్గర ఆపేశాను. ఫిబ్రవరి చివర పండ్లు అయిపోయాక, గూళ్ళ కాలం మొదలయ్యే లోపు, దాన్ని గోడ నెత్తి మట్టానికి కత్తిరించాలని ఇద్దరం క్యాలెండర్లలో గుర్తు పెట్టుకున్నాము.